అడ్రస్ బార్‌లో అన్నీ అక్షరాలే: రూట్ పారామీటర్లకు టైపు ఎక్కడ పుట్టాలి

ఆర్డర్ల జాబితా ఉన్న పేజీలో ఒక వరుస మీద నొక్కితే "/ఆర్డర్లు/42" తెరుచుకుంటుంది. జాబితా కోడ్‌లో ఆ 42 నంబరు. తెరుచుకున్న పేజీలో అదే 42 స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. "/ఆర్డర్లు/..." అనే ఆకారం రూట్, అందులో మారే 42 లాంటి ముక్క రూట్ పారామీటర్. మధ్యలో జరిగిందల్లా అది అడ్రస్ బార్ గుండా రావడమే. యూఆర్‌ఎల్‌లో నంబర్లుండవు, తేదీలుండవు, అవును-కాదులుండవు. ఏ టైపుతో పంపినా అవతలి వైపు చేతికందేది అక్షరాల వరుసే.

దీనివల్ల పుట్టే తప్పు ఎలా ఉంటుందో చూడండి. వివరాల పేజీ, ముందే తెచ్చిపెట్టుకున్న ఆర్డర్ల అరేలో అదే ఐడీ ఉన్నదాన్ని వెతుకుతుంది. పోలిక మూడు ఈక్వల్స్‌తో చేస్తుంది. నంబరు 42, స్ట్రింగ్ "42" ఆ పోలికలో ఎప్పటికీ సమానం కావు. ఆర్డర్ అరేలోనే ఉన్నా పేజీ మాత్రం "ఆర్డర్ దొరకలేదు" అంటుంది. అదే పేజీలో "తర్వాతి ఆర్డర్" బటన్ ఐడీకి 1 కలుపుతుంది. స్ట్రింగ్‌కు 1 కలిపితే 43 రాదు, "421" వస్తుంది. రెండుచోట్లా ఎర్రర్ అంటూ ఏదీ పడదు. అందుకే ఇవి టెస్టింగ్ దాటి చాలా దూరం వెళ్లిపోతాయి.

జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చే టైప్‌స్క్రిప్ట్ ఉంది కదా, ఇంకేం సమస్య అనిపిస్తుంది. సమస్య అక్కడే మొదలవుతుంది.

ఒకే మాట కింద మూడు హామీలు

"మా రూట్లు టైప్డ్" అని ఎవరైనా అంటే ముందు అడగాల్సింది ఏ అర్థంలో అని. ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు హామీలు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది పేర్ల హామీ. "/ఆర్డర్లు/:ఐడీ" అనే రూట్‌కు లింకు కట్టేటప్పుడు ఐడీ ఇవ్వడం మరిచిపోతే, లేదా పేరు తప్పు రాస్తే కంపైలర్ ఆపుతుంది. 2020 నవంబరులో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 4.1లో టెంప్లేట్ లిటరల్ టైపులు చేరాక ఇది తేలికైంది. రూట్ ప్యాటర్న్ అనే స్ట్రింగ్‌ను టైపు స్థాయిలోనే ముక్కలు చేసి, కోలన్ తర్వాత వచ్చే పేర్లను బయటికి తీయవచ్చు. నెక్స్ట్ జేఎస్ టైప్డ్ రూట్స్, రియాక్ట్ రౌటర్ 7 (రౌటర్ అంటే యూఆర్‌ఎల్‌ను బట్టి పేజీని ఎంచుకునే కోడ్) తానే తయారుచేసిపెట్టే రూట్ టైపులు ఎక్కువగా చూసుకునేది ఈ హామీనే. రూట్ ఉందా, అందులో ఏ పారామీటర్లు ఉన్నాయి అన్నంతవరకు నమ్మవచ్చు. పారామీటర్ విలువ మాత్రం వాటిలోనూ స్ట్రింగే.

రెండోది విలువ టైపు గురించి కంపైలర్ ఇచ్చే హామీ. "ఈ పేజీలో ఐడీ నంబరు" అని కోడ్‌లో రాసి ఉంటుంది, ఎడిటర్ దాన్ని నమ్ముతుంది. మూడోది రన్‌టైమ్ హామీ: యూజర్ అడ్రస్ బార్‌లో ఏం కొట్టినా సరే, పేజీ లోపలికి వచ్చే విలువ నిజంగా నంబరే.

మూడోది లేకుండా రెండోది పెట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. టైప్‌స్క్రిప్ట్ టైపులు బిల్డ్‌తోనే చెరిగిపోతాయి, బ్రౌజర్ దాకా వెళ్లవు. ఎడిటర్‌లో ఎర్ర గీత పోవాలని స్ట్రింగ్‌ను ఎనీ (ఏ టైపైనా సరే అనే టైపు) గుండా తిప్పి నంబర్ అని కాస్ట్ చేస్తే కంపైలర్‌కు మనమే అబద్ధం చెప్పినట్టు. ఆ తర్వాత అది ఆ అబద్ధాన్నే నిజమనుకుని ప్రతి చోటా మనల్ని నిశ్చింతగా ఉండమంటుంది. వ్యూ (Vue) ఫ్రేమ్‌వర్క్‌లోనూ ఇదే గొడవ. రూట్‌కు ప్రాప్స్ (కాంపొనెంట్‌కు బయటి నుంచి అందే విలువలు) ట్రూ అని పెట్టి, కాంపొనెంట్‌లో ఆ ప్రాప్ టైపు నంబర్ అని రాస్తే డెవలప్‌మెంట్‌లో కన్సోల్‌లో ఒక హెచ్చరిక వస్తుంది, ప్రొడక్షన్‌లో అదీ రాదు. లోపలికి వచ్చేది మాత్రం స్ట్రింగే. అక్కడ ప్రాప్స్‌ను ఫంక్షన్‌గా రాసి, దాని లోపల మార్చి పంపాలి.

మార్చే ఫంక్షన్లు ఏం చేస్తాయో దగ్గరగా

"నంబరుగా మార్చేస్తే సరిపోతుంది" అన్న మాట వినడానికి తేలిక. జావాస్క్రిప్ట్‌లో దానికి రెండు దారులున్నాయి, రెండిటికీ కంతలున్నాయి.

పార్స్‌ఇంట్ ముందు నుంచి చదువుతూ అంకెలు అయిపోగానే ఆగిపోతుంది. "42పాత" ఇచ్చినా 42 అనే అంటుంది. చెత్త లింకు వచ్చినా మంచి పేజీ తెరుచుకుంటుంది. నంబర్ ఫంక్షన్ అలా కాదు, మొత్తం స్ట్రింగ్ సరిగ్గా ఉంటేనే ఒప్పుకుంటుంది. కానీ ఖాళీ స్ట్రింగ్ ఇస్తే సున్నా ఇస్తుంది. ఒట్టి స్పేస్ ఇచ్చినా సున్నానే. "?పేజీ=" అని విలువ లేకుండా వచ్చిన లింకు సున్నా పేజీ అయిపోతుంది, సర్వర్‌కు మైనస్ ఆఫ్‌సెట్ (ఎన్ని వరుసలు దాటేయాలో చెప్పే సంఖ్య) వెళ్తుంది. "042", "42.0" రెండూ 42 అవుతాయి కాబట్టి ఒకే ఆర్డర్‌కు నాలుగైదు యూఆర్‌ఎల్‌లు తయారవుతాయి. తెచ్చిన డేటాను దాచిపెట్టుకునే క్యాష్‌లో కీ యూఆర్‌ఎల్ మీద ఆధారపడితే ఒకే డేటా అన్నిసార్లూ వేరువేరుగా నిల్వవుతుంది.

కాబట్టి ముందు ఆకారం చూడాలి, తర్వాతే మార్చాలి. ఐడీ అయితే మొదటి అంకె 1 నుంచి 9 లోపు, తర్వాత ఎన్ని అంకెలైనా, ఇంకేమీ ఉండకూడదు అనే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఒకటి చాలు. అంకెలు అంటే ఏవి అన్నది కూడా స్పష్టంగా రాయండి. పైథాన్‌లో ఇంట్ ఫంక్షన్‌కు తెలుగు అంకెల్లో ౪౨ ఇచ్చినా 42 అనే చదువుతుంది. జావాస్క్రిప్ట్ నంబర్ ఫంక్షన్ మాత్రం దాన్ని నాట్-ఎ-నంబర్ అంటుంది. బ్రౌజర్ ఒకటి, సర్వర్ ఒకటి అనుకునే చోట బగ్ పుడుతుంది. సున్నా నుంచి తొమ్మిది అని రేంజ్ విప్పి రాస్తే రెండు వైపులా ఒకే అర్థం.

ఆకారం సరిపోయినా ఇంకో గండం ఉంది. జావాస్క్రిప్ట్ నంబరు కచ్చితంగా పట్టుకోగల పూర్ణాంకాల హద్దు 9007199254740991. డేటాబేస్‌లో ఐడీలు 64 బిట్‌లవైతే ఆ హద్దు దాటవచ్చు. 9007199254740993ను నంబరుగా మారిస్తే చివరి అంకె 2 అయిపోతుంది. అంటే పక్కవాడి రికార్డు తెరుచుకుంటుంది. దీనికి మందు ఐడీని నంబరు చేయకపోవడమే. ఐడీతో ఎవరూ కూడికలు, తీసివేతలు చేయరు. అది పేరులాంటిది, స్ట్రింగ్‌గానే ఉండనివ్వండి. "తర్వాతి ఆర్డర్" అన్నది 1 కలిపి కాదు, సర్వర్‌ను అడిగి తెలుసుకోవాలి.

అలాంటప్పుడు టైపు ఎందుకు అంటారా? ఆర్డర్ ఐడీ, కస్టమర్ ఐడీ రెండూ స్ట్రింగులే అయినప్పుడు ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా కంపైలర్ పట్టుకోదు. టైప్‌స్క్రిప్ట్‌లో స్ట్రింగ్‌కే ఒక ముద్ర తగిలించి ఆర్డర్ ఐడీ అనే వేరే టైపు చేయవచ్చు. దాన్నే బ్రాండెడ్ టైపు అంటారు. ఆకారం పరీక్ష దాటిన స్ట్రింగ్‌కు మాత్రమే ఆ ముద్ర పడుతుంది, ఆ ముద్ర వేసేది ఒక్క ఫంక్షనే. రూట్ పారామీటర్లకు ఇంతకన్నా ఉపయోగపడే టైపు ఇంకోటి లేదనిపిస్తుంది.

అవును-కాదుల సంగతి మరీ ఘోరం. "ఫాల్స్" అనే స్ట్రింగ్‌ను బూలియన్‌గా మారిస్తే ట్రూ వస్తుంది, ఎందుకంటే ఖాళీ కాని ప్రతి స్ట్రింగూ ట్రూనే. జాడ్ లైబ్రరీలో కోయర్స్ బూలియన్ వాడినా ఇదే జరుగుతుంది, లోపల నడిచేది అదే ఫంక్షన్ కాబట్టి. కోయర్స్ నంబర్ కూడా ఖాళీ స్ట్రింగ్‌ను సున్నా చేస్తుంది. రెండే రెండు విలువలు అనుమతించి, మిగతా అన్నిటినీ తిప్పికొట్టడం సురక్షితం. జాడ్ 4లో స్ట్రింగ్‌బూల్ అని ఇందుకోసమే వేరేగా ఇచ్చారు.

తేదీల తప్పు ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తుంది. "2024-03-01" అని తేదీ మాత్రమే ఉన్న స్ట్రింగ్‌ను డేట్‌కు ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. యూటీసీ కంటే వెనక ఉన్న ప్రాంతంలో దాన్ని స్థానిక సమయంలో చూపిస్తే ఫిబ్రవరి 29 అని పడుతుంది. ముందున్న ప్రాంతంలో చదవడం బాగానే ఉంటుంది, రాయడం చెడుతుంది. క్యాలెండర్‌లో స్థానిక అర్ధరాత్రిగా ఎంచుకున్న మార్చి 1ని, సమయాన్ని యూటీసీలోకి మార్చే టుఐఎస్ఓస్ట్రింగ్‌తో రాసి ముందు పది అక్షరాలు కోస్తే, యూఆర్‌ఎల్‌లోకి ఫిబ్రవరి 29 వెళ్తుంది. రాసిన వారి కంప్యూటర్‌లో ఒక సగం, వాడేవారి కంప్యూటర్‌లో ఇంకో సగం కనిపిస్తుంది కాబట్టి దీన్ని పట్టుకోవడం కష్టం. గంటలు అక్కర్లేని తేదీని డేట్ ఆబ్జెక్ట్ చేయకుండా ఏడాది, నెల, రోజు అనే మూడు నంబర్లుగా ఉంచండి. ఆ రోజు నిజంగా ఉందో లేదో కూడా చూడండి. మూడు నంబర్లు ఇచ్చి డేట్ కడితే 2024 ఫిబ్రవరి 30 చడీచప్పుడు లేకుండా మార్చి 1 అయిపోతుంది.

చదివేదీ రాసేదీ జంటగా ఉండాలి

పైన చెప్పినవన్నీ చూస్తే ఒక విషయం తేలుతుంది. పారామీటర్ టైపు అంటే ఒక జత ఫంక్షన్లు. ఒకటి అక్షరాల నుంచి విలువ తీస్తుంది, కుదరకపోతే కుదరదని చెబుతుంది. రెండోది విలువను మళ్లీ అక్షరాలుగా రాస్తుంది. ఈ రెండూ రూట్ నిర్వచనం పక్కనే ఉండాలి, యూఆర్‌ఎల్ స్ట్రింగ్‌ను వీటికి తప్ప ఇంకెవరికీ ముట్టుకునే పని ఉండకూడదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 2.0 నుంచి, అంటే 2017 డిసెంబరు నుంచి, పాత్ కన్వర్టర్లు సరిగ్గా ఈ రూపంలోనే ఉన్నాయి. కన్వర్టర్ అంటే ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, టు-పైథాన్ అనే మెథడ్, టు-యూఆర్‌ఎల్ అనే మెథడ్. టు-పైథాన్ వాల్యూఎర్రర్ విసిరితే ఆ రూట్ సరిపోలలేదని అర్థం, జాంగో తర్వాతి రూట్‌కు వెళ్తుంది, ఏదీ కుదరకపోతే 404, అంటే పేజీ దొరకలేదన్న జవాబు. బ్రౌజర్ వైపు ట్యాన్‌స్టాక్ రౌటర్‌లో ఇదే జత పార్స్, స్ట్రింగిఫై పేర్లతో ఉంది. ఈ పనికి ఇప్పుడున్న రౌటర్లలో దాని పద్ధతే అన్నిటికన్నా పొందికగా ఉంది. యాంగ్యులర్ 16 నుంచి రూట్ పారామీటర్‌ను నేరుగా కాంపొనెంట్ ఇన్‌పుట్‌కు కట్టవచ్చు, నంబర్‌యాట్రిబ్యూట్ అనే ట్రాన్స్‌ఫార్మ్ తగిలించవచ్చు. కాకపోతే విలువ చెడితే అది ఎర్రర్ ఇవ్వదు, నాట్-ఎ-నంబర్ చేతిలో పెడుతుంది. ఆ తర్వాతి పరీక్ష మీదే. పైగా అది చదివే వైపు మాత్రమే చూసుకుంటుంది, రాసే వైపు జత లేదు.

రాసే వైపును తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో సర్వర్ లాగ్ చూస్తే తెలుస్తుంది. "/ఆర్డర్లు/అన్‌డిఫైన్డ్" అని వచ్చే రిక్వెస్టులు కనపడితే, ఎవరో ఎక్కడో టెంప్లేట్ స్ట్రింగ్‌లో ఐడీని నేరుగా అతికించారు, ఆ క్షణానికి డేటా ఇంకా రాలేదు. యూఆర్‌ఎల్‌సెర్చ్‌పారమ్స్‌కు ఆబ్జెక్ట్ ఇచ్చినా ఇంతే, అన్‌డిఫైన్డ్ అన్న విలువను తొమ్మిదక్షరాల ఇంగ్లిషు మాటగా రాసేస్తుంది. లింకు కట్టే ఒకే ఫంక్షన్ ఉండి, అది ఆర్డర్ ఐడీ టైపు తప్ప ఇంకేదీ తీసుకోకపోతే ఈ తప్పు కంపైల్ దశలోనే ఆగుతుంది.

ఎన్‌కోడింగ్ (ప్రత్యేక అక్షరాలను %20 లాంటి గుర్తులుగా మార్చడం) కూడా ఆ ఫంక్షన్ పనే. విలువలో స్లాష్ ఉంటే పాత్ (యూఆర్‌ఎల్‌లో ప్రశ్నార్థకానికి ముందు భాగం) రెండు ముక్కలవుతుంది, ప్రశ్నార్థకం ఉంటే అక్కడి నుంచి క్వెరీ (దాని తర్వాతి భాగం) మొదలైపోతుంది. ప్రతి విలువనూ ఎన్‌కోడ్‌యూఆర్‌ఐకాంపొనెంట్ గుండా పంపాలి, ఒక్కసారి మాత్రమే. రెండుసార్లు పంపితే %20 కాస్తా %2520 అవుతుంది. చదివే వైపు చాలా రౌటర్లు డీకోడ్ చేసే ఇస్తాయి. అయినా మీరు మళ్లీ డీకోడ్ చేస్తే అన్ని రోజులూ పని చేసి, "100%" అని వెతికిన రోజు యూఆర్‌ఐఎర్రర్‌తో పేజీ కూలుతుంది. తెలుగు పేర్లను పాత్‌లో పెట్టేవారు నిడివి కూడా గుర్తుంచుకోవాలి. ప్రతి తెలుగు కోడ్ పాయింట్‌కు యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఎన్‌కోడ్ చేశాక 9 క్యారెక్టర్లు. "తెలుగు" అన్న ఒక్క మాట 54 అవుతుంది.

క్వెరీ వైపు ఉండే చిక్కులు

పాత్‌లో ఉండాల్సింది ఏ వస్తువు అన్నది. క్వెరీలో ఉండాల్సింది దాన్ని ఎలా చూపాలి అన్నది: ఫిల్టర్లు, వరుసక్రమం, పేజీ సంఖ్య. ఈ తేడా విలువ చెడినప్పుడు ఏం చేయాలో కూడా చెబుతుంది. పాత్ పారామీటర్ చెడితే ఆ వస్తువే లేదు, 404 చూపాలి. పేజీ సంఖ్య చెడితే ఒకటో పేజీ చూపించి, యూఆర్‌ఎల్‌ను రీప్లేస్‌తో (బ్రౌజర్ చరిత్రలో ఉన్నదాని చోటే రాయడం) సరిచేయవచ్చు. పుష్ (చరిత్రలో కొత్తగా చేర్చడం) వాడితే వెనక్కి బటన్ నొక్కిన ప్రతిసారీ చెడ్డ యూఆర్‌ఎల్‌కే వెళ్లి మళ్లీ ముందుకొస్తుంది, యూజర్ అక్కడే ఇరుక్కుంటారు. అలాగని అన్నిటికీ డీఫాల్ట్ పెట్టేయకండి. జాబితాలో ఉన్నవన్నీ ఒకేసారి తొలగించే బటన్ ఉన్న పేజీలో, చెడిన ఫిల్టర్‌ను పట్టించుకోకుండా "అన్నీ" అని చూపించడం చాలా పెద్ద తప్పు.

ఒకే పేరు రెండుసార్లు రావడం క్వెరీలో మామూలే: "?ట్యాగ్=ఒకటి&ట్యాగ్=రెండు". యూఆర్‌ఎల్‌సెర్చ్‌పారమ్స్‌లో గెట్ మొదటిదే ఇస్తుంది, గెట్‌ఆల్ అన్నీ ఇస్తుంది. వ్యూ రౌటర్, నెక్స్ట్ జేఎస్‌లలో రెండుంటే అరే, ఒకటే ఉంటే ఒట్టి స్ట్రింగ్. రెండు ట్యాగులతో పరీక్షించినంతసేపూ అంతా బాగుంటుంది. యూజర్ ఒక్క ట్యాగ్ ఎంచుకోగానే మ్యాప్ అనేది ఫంక్షన్ కాదంటూ పేజీ ఆగిపోతుంది, లేదా లూప్ ఆ ట్యాగ్‌లోని ఒక్కో అక్షరాన్నీ ఒక్కో ట్యాగ్‌గా చూపిస్తుంది. చదివే ఫంక్షన్ ఎప్పుడూ అరేనే ఇవ్వాలి, ఒకటున్నా, ఏదీ లేకున్నా.

ట్యాన్‌స్టాక్ రౌటర్ క్వెరీ విలువలను మామూలుగా జేసన్‌గా (నంబరుకూ స్ట్రింగ్‌కూ తేడా చూపే రాత పద్ధతి) చదువుతుంది. దీనివల్ల నంబర్లు నంబర్లుగానే వస్తాయి, బాగుంటుంది. కానీ వెతికే పెట్టెలో యూజర్ 42 అని కొడితే అది వెతికే మాట, నంబరు కాదు. రౌటర్ తానే రాసినప్పుడు కోట్స్ పెట్టి %2242%22 అని జాగ్రత్తగా రాస్తుంది. బయటి నుంచి ఎవరో చేత్తో రాసి పంపిన "=42" మాత్రం నంబరుగానే లోపలికొస్తుంది, ఆ తర్వాత ట్రిమ్ పిలిచిన చోట పడిపోతుంది. వాలిడేట్‌సెర్చ్ ఫంక్షన్‌లో దాన్ని తిరిగి స్ట్రింగ్ చేసి పంపండి.

పేరు ఒకటే, పేజీ మారదు

ఆర్డర్ 42 నుంచి ఆర్డర్ 43కు వెళ్తే చాలా ఫ్రేమ్‌వర్కులు కాంపొనెంట్‌ను కొత్తగా కట్టవు, ఉన్నదాన్నే వాడతాయి. యాంగ్యులర్‌లో స్నాప్‌షాట్ (ఆ క్షణపు విలువల నకలు) నుంచి ఒక్కసారి చదివి ఊరుకుంటే అడ్రస్ 43, తెర మీద 42. మారే విలువను వినాలి. రియాక్ట్‌లో ఇంకో చిక్కు ఉంది. పారామీటర్‌ను ప్రతి రెండర్‌లోనూ ఆబ్జెక్ట్‌గానో డేట్‌గానో పార్స్ చేసి, దాన్ని యూజ్‌ఎఫెక్ట్ డిపెండెన్సీలో (ఏవి మారితే ఎఫెక్ట్ మళ్లీ నడవాలో చెప్పే జాబితా) పెడితే, విలువ అదే అయినా ఆబ్జెక్ట్ ప్రతిసారీ కొత్తది. ఎఫెక్ట్ లోపల స్టేట్ మారిస్తే మళ్లీ రెండర్, మళ్లీ ఎఫెక్ట్, ఆగదు. డిపెండెన్సీలో అసలు స్ట్రింగ్‌ను పెట్టి, పార్స్ లోపల చేస్తే సరిపోతుంది.

రూట్ల వరుసలో "/ఆర్డర్లు/:ఐడీ" ముందు, "/ఆర్డర్లు/కొత్త" తర్వాత ఉంటే, మొదట సరిపోలినదాన్నే తీసుకునే యాంగ్యులర్ లాంటి రౌటర్‌లో "కొత్త" అన్నదే ఐడీ అయిపోతుంది. వ్యూ రౌటర్‌లో పారామీటర్‌కు అంకెలే రావాలని ప్యాటర్న్ ఇవ్వవచ్చు, బ్లేజర్‌లో ఇంట్ (పూర్ణాంకం) అనో గిడ్ (GUID అనే పొడవైన గుర్తింపు కోడ్) అనో హద్దు పెట్టవచ్చు. వ్యూ ప్యాటర్న్ పని రూట్‌ను ఎంచుకోవడం వరకే, బ్లేజర్‌లో విలువ ఆ టైపుకు మారి కూడా వస్తుంది. సరిపోకపోతే 404 వస్తుంది తప్ప, విలువలో తప్పేమిటో యూజర్‌కు చెప్పే అవకాశం ఉండదు.

ఐడీ ఎందుకు, ఆబ్జెక్ట్ మొత్తాన్నే నావిగేషన్ స్టేట్‌లో (యూఆర్‌ఎల్‌లో కనిపించకుండా బ్రౌజర్ చరిత్రతో వెళ్లే డేటా) పంపేద్దాం అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. టైపు కూడా నిలబడినట్టే కనిపిస్తుంది. కానీ ఆ లింకును కాపీ చేసి ఇంకొకరికి పంపితే, కొత్త ట్యాబ్‌లో తెరిస్తే స్టేట్ వెంట రాదు. అదే ట్యాబ్‌లో రీలోడ్ చేస్తే ఉంటుంది, కానీ అది పాత డేటా. అప్లికేషన్ కొత్త వెర్షన్ వచ్చాక చరిత్రలో మిగిలిన పాత స్టేట్ పాత ఆకారంలోనే ఉంటుంది. వ్యూ రౌటర్‌లో పాత్‌లో లేని పారామీటర్లను చాటుగా పంపే అలవాటు చాలామందికి ఉండేది. 2022 ఆగస్టులో వచ్చిన 4.1.4 నుంచి రౌటర్ వాటిని పారేస్తోంది, అలా రాసిన పేజీలు ఒక్క అప్‌డేట్‌తో ఖాళీ అయ్యాయి. ఐడీ పంపండి, డేటాను అవతలి పేజీ తెచ్చుకుంటుంది. ముందున్న డేటాను వెంటనే చూపాలంటే క్యాష్ ఉంది.

ఐడీ ఆకారం సరిగ్గా ఉన్నంత మాత్రాన దాన్ని చూసే హక్కు యూజర్‌కు ఉన్నట్టు కాదు. 42ను 43గా మార్చి ఎంటర్ కొట్టడానికి ఎవరికీ ప్రత్యేక నైపుణ్యం అక్కర్లేదు. ఆ ఆర్డర్ ఎవరిదన్నది ప్రతి రిక్వెస్టుకూ సర్వర్ చూడాలి, బ్రౌజర్‌లో పెట్టిన ఏ టైపూ ఆ పని చేయలేదు.

పాత కోడ్‌లో దీన్ని ప్రవేశపెట్టాలంటే అన్ని రూట్లనూ ఒకేసారి ముట్టుకోనక్కర్లేదు. తేదీ ఉన్న రూట్‌తో మొదలుపెట్టండి, తప్పులు ఎక్కువ దొరికేది అక్కడే. ఆ జత ఫంక్షన్లకు రెండు టెస్టులు రాయండి. ఒకటి, ఏ విలువను రాసి తిరిగి చదివినా అదే విలువ రావాలి. రెండు, ఈ చెడ్డ స్ట్రింగుల జాబితా మొత్తం తిరస్కరణకు గురికావాలి: ఖాళీ, ఒట్టి స్పేస్, "అన్‌డిఫైన్డ్", "2024-02-30", "2024-3-1", "2024-13-01", వెనక ఒక స్పేస్ అంటుకున్న మంచి తేదీ. టెస్టులను ఒకసారి యూటీసీకి ముందున్న టైమ్‌జోన్‌లో, ఒకసారి వెనకున్న టైమ్‌జోన్‌లో నడపండి. నోడ్ జేఎస్‌లో అయితే టీజడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చి అదే కమాండ్‌ను రెండుసార్లు ఇస్తే చాలు.